రెఫరీని తిట్టకండి, మార్కులు వేయండి

కొత్తచెరువు, బుక్కపట్నం, పుట్టపర్తి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల ఫుట్‌బాల్ అభిమానులకు, జట్ల కెప్టెన్లకు, టోర్నమెంటు కమిటీలకు విన్నపం



మన వైపు క్రికెట్‌కున్నంత సందడి ఫుట్‌బాల్‌కు లేదు. అయినా ఈ ఆట మన పల్లెల్లో వేళ్ళూనుకుంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సేవా సంస్థ ఆర్‌డీటీ, అనంతపురం స్పోర్ట్స్ అకాడమీ ద్వారా పల్లె పిల్లల కాళ్ళకు బంతి అందించింది. అనంతపురం ఫుట్‌బాల్ లీగ్ పేరుతో వాళ్ళకు పోటీ ఆటలు దొరికాయి. ఇంటి గడప దాటితేనే అడిగే ఊళ్ళలో ఆడపిల్లలు బూట్లు కట్టుకుని గ్రౌండులోకి దిగారు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లాలో ఈ ఆటను ఇంకా పైకి తీసుకుపోవాల్సిన బాధ్యత మనదే.

ఆడే పిల్లల గురించి ఎందరో ఆలోచించారు. ఆటను నడిపించే రెఫరీ గురించి, గీత వెంట జెండా పట్టుకుని పరుగెత్తే లైన్స్‌మన్ గురించి ఆలోచించినవాళ్ళు తక్కువ. వాళ్ళు మనకు గుర్తొచ్చేది మన జట్టు ఓడినప్పుడే. "కళ్ళు కనపడవా?", "ఎంతకు అమ్ముడుపోయినావ్?", "మళ్ళీ ఈ ఊరికి ఎట్లా వస్తావో చూస్తాం" అని అరుస్తాం. ఇంటికి పోయి పడుకుంటాం. మరో టోర్నమెంటులో అదే రెఫరీ, అదే తప్పు, అవే తిట్లు. ఈ తిట్లతో బాగుపడిన రెఫరీ ఒక్కడూ లేడు. మానం మర్యాద ఉన్నవాడు విజిల్ పక్కన పెట్టి వెళ్ళిపోతాడు. ఏ మాటా అంటనివాడు మనకు మిగులుతాడు.

అందుకే ఈ కరపత్రం. మేం అడిగేది ఒక్కటే: ప్రతి టోర్నమెంటులో ప్రేక్షకుల చేతికి మార్కుల కాగితం ఇవ్వాలి. రెఫరీ, లైన్స్‌మన్ల పనితీరును చూసినవాళ్ళు రాతపూర్వకంగా తేల్చాలి. కమిటీ ఆ ఫలితాన్ని అందరి ముందు పెట్టి, దానికి తగ్గట్టు తరువాతి మ్యాచ్‌లకు రెఫరీలను ఎంచుకోవాలి.

తీర్పు చెప్పే హక్కు మనకుంది

"రెఫరీ మాటే చివరి మాట కదా, మనమెవరం?" అని కొందరు పెద్దలు అంటారు. ఆట నియమాలు 17. అందులో అయిదో నియమం ప్రకారం ఆటలో జరిగిన విషయాల మీద రెఫరీ నిర్ణయమే తుది నిర్ణయం. గోల్ అయిందా లేదా, ఎవరు గెలిచారు అన్నది కూడా అందులోకే వస్తుంది. అట్లా లేకపోతే ఏ మ్యాచూ ముగియదు. మేం ఆ నిర్ణయాన్ని తిరగదోడమని అడగడం లేదు. ఫలితం ఫలితమే. రెఫరీ పని నాణ్యత వేరే సంగతి. దాన్ని మ్యాచ్ అయ్యాక లెక్కగట్టవచ్చు, కట్టాలి కూడా.

పెద్ద ఆటల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. పెద్ద పోటీల్లో రెఫరీ పనిని గమనించి మార్కులు వేయడానికి ప్రత్యేకంగా ఒక పరిశీలకుడు కూర్చుంటాడు. ఇంగ్లండు ప్రీమియర్ లీగ్‌లో 2022–23 సీజన్ నుంచి అయిదుగురి బృందం ప్రతి వారం గోల్స్, పెనాల్టీలు, ఎర్రకార్డుల నిర్ణయాలను మళ్ళీ చూసి ఏది ఒప్పో ఏది తప్పో ఓట్లు వేసి తేలుస్తోంది. మన ఊరి గ్రౌండుకు అంత ఖర్చుతో పరిశీలకులు రారు. ఇక్కడ చూసే కళ్ళు మనవే. ఆ కళ్ళకు పని నేర్పుకుందాం.

ధర్మవరంలో పని తెలిసిన షావుకారు పట్టుచీరను వెలుతురుకు పట్టి, ఎక్కడ పోగు తప్పిందో వేలుపెట్టి చూపిస్తాడు. అట్లా చూపిస్తేనే తర్వాతి చీర బాగా వస్తుంది. రెఫరీ విషయంలోనూ అభిమాని చేయాల్సిన పని అదే.

అరుపు ఆటను చెడగొడుతుంది

గట్టిగా అరిస్తే న్యాయం జరుగుతుందని మనలో చాలామంది నమ్మకం. జరిగేది దానికి విరుద్ధం. 2002లో ఇంగ్లండులో ఒక పరిశోధన అచ్చయింది. శిక్షణ పొందిన 40 మంది రెఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ జట్ల మ్యాచ్ వీడియో చూపించారు. కొందరికి జనం అరుపులతో, మిగిలినవాళ్ళకు శబ్దం లేకుండా చూపించి, ఏది ఫౌలో చెప్పమన్నారు. అరుపులు విన్నవాళ్ళు సొంతగడ్డ జట్టు మీద దాదాపు 15 శాతం తక్కువ ఫౌళ్ళు ఇచ్చారు. చూసింది అందరూ ఒకే ఆట. తేడా తెచ్చింది చెవిలో పడిన గోల.

మన ఊరివాళ్ళం పదిమంది ఎక్కువ ఉండి అరిస్తే పక్క ఊరి పిల్లలకు అన్యాయం జరుగుతుంది. వాళ్ళ ఊరికి పోతే మన పిల్లలకు జరుగుతుంది. అరుస్తున్నప్పుడు మనం తీర్పును లాగుతున్నామే గానీ తూచడం లేదు. మన జట్టును ఉత్సాహపరిచే కేక వేయండి. రెఫరీ మీదికి విసిరే కేక మానండి.

ఆ కోపం హద్దు దాటితే ఏమవుతుందో పెరూలోని లిమా నగరం చెబుతుంది. 1964 మే 24న పెరూ, అర్జెంటీనా ఆడుతున్న ఒలింపిక్ అర్హత మ్యాచ్‌లో పెరూ వేసిన గోల్‌ను రెఫరీ రద్దు చేశాడు. కొందరు గ్రౌండులోకి దూకారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. జనం పరుగెత్తారు, కింద గేట్లు మూసి ఉన్నాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 328 మంది చనిపోయారు. ఎక్కువమంది మెట్ల దారుల్లో ఊపిరాడక పోయారు. పోలీసుల తప్పు, గేట్లు మూసినవాళ్ళ తప్పు అందులో ఎంతో ఉంది. కానీ మొదలు మాత్రం ఒక విజిల్ మీద రేగిన కోపం.

తెలుసుకుని మాట్లాడదాం

లైన్స్‌మన్ను తిట్టే ముందు అతని పని ఏమిటో చూడండి. గోల్‌కీపర్‌ను కూడా కలుపుకుని, చివరి నుంచి రెండో ఆటగాడికి సరిగ్గా సమానంగా గీత మీద అతను కదులుతూ ఉండాలి. అవతల బంతి తన్నిన క్షణంలో ఇవతల ఫార్వర్డ్ ఎక్కడున్నాడో చూడాలి. ఫార్వర్డ్ గోల్ వైపు, డిఫెండర్ దానికి ఎదురు దిశలో, ఇద్దరూ సెకనుకు 6 మీటర్ల చొప్పున పరుగెత్తుతుంటే, సెకనులో పదో వంతులో వాళ్ళ మధ్య దూరం 1.2 మీటర్లు మారిపోతుంది. బంతి అందుకున్నప్పుడు ఫార్వర్డ్ ఎక్కడున్నాడో చూసి మనం అరుస్తాం. నియమం అడిగేది బంతి తన్నినప్పుడు ఎక్కడున్నాడని. ఆఫ్‌సైడ్‌కు చేతులు లెక్కలోకి రావు. త్రోలో, గోల్ కిక్‌లో, కార్నర్‌లో నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడే లేదు. ఇవి తెలియక రేగే గొడవలు ఎన్నో.

లైన్స్‌మన్ తప్పు చేయడా? చేస్తాడు. 2000లో నేచర్ పత్రికలో డచ్ పరిశోధకులు ఆ తప్పుకు ఒక కారణం చూపారు. లైన్స్‌మన్లు చాలాసార్లు డిఫెండర్‌కు సమానంగా కాకుండా కొంచెం అటుగానో ఇటుగానో నిలబడుతున్నారు. పక్కవాటుగా చూసే కన్ను మోసపోతోంది. కాబట్టి మనం చూడాల్సింది జెండా ఎత్తాడా లేదా అని ఒక్కటే కాదు, ఎత్తినప్పుడు ఎక్కడ నిలబడ్డాడు అని. అది గ్యాలరీలో ఉన్న మనకు బాగా కనపడుతుంది. సరైన చోట నిలబడి తప్పిన లైన్స్‌మన్ను క్షమించవచ్చు. సగం గ్రౌండు దూరంలో నిలబడి జెండా ఊపినవాణ్ణి కాగితం మీద పెట్టాలి.

ఇంకో ఉదాహరణ మనకు దగ్గరిదే. 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ ఐఎస్‌ఎల్ నాకౌట్ మ్యాచ్ ఆడాయి. అదనపు సమయంలో సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌ను వెంటనే తన్ని గోల్ వేశాడు. కేరళ జట్టు గోడ కట్టే లోపలే అయిపోయింది. వాళ్ళు ఆట వదిలి బయటికి నడిచారు. తర్వాత ఆ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. దేశమంతా "మోసం", "తెలివి" అని రెండుగా చీలి అరిచింది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: విజిల్ వేసేదాకా ఆగమని రెఫరీ ఆటగాడికి చెప్పాడా, లేదా? చెప్పి ఉంటే గోల్ చెల్లదు. చెప్పకపోతే వెంటనే తన్నే హక్కు ఆ జట్టుకుంది. ఇట్లా ప్రశ్నను ఒక్క మాటకు తెచ్చుకోవడమే రెఫరీని తూచే పద్ధతి.

అట్లా తూచినప్పుడు ప్రపంచమే మారింది. 2010 జూన్ 27న ప్రపంచకప్‌లో ఇంగ్లండు ఆటగాడు ల్యాంపార్డ్ తన్నిన బంతి జర్మనీ గోల్ గీత దాటి లోపల పడింది. రెఫరీ, లైన్స్‌మన్ ఇద్దరూ ఇవ్వలేదు. బంతి ఎక్కడ పడిందో చూపే సాక్ష్యం అందరి ముందూ ఉంది. అంతదాకా ఒప్పుకోని ఫిఫా దిగివచ్చింది. 2012 జూలైలో గోల్ గీత సాంకేతికతకు నియమాల బోర్డు అనుమతి ఇచ్చింది.

మార్కుల కాగితంలో ఏముండాలి

ఒక చిన్న కాగితం, అయిదు ప్రశ్నలు చాలు. ఒక్కోదానికి 10 మార్కులు.

1. రెఫరీ బంతికి దగ్గరగా పరుగెత్తాడా? లైన్స్‌మన్ డిఫెండర్‌కు సమానంగా నిలబడ్డాడా?

2. ఒక జట్టుకు ఫౌల్ అన్నది రెండో జట్టుకూ ఫౌలే అయిందా?

3. విజిల్, జెండా, చేతి సైగ అందరికీ అర్థమయ్యేలా ఉన్నాయా?

4. గొడవ పెరగకుండా, ఆటగాళ్ళకు దెబ్బలు తగలకుండా చూశాడా?

5. గోల్, పెనాల్టీ, ఎర్రకార్డు, ఆఫ్‌సైడ్ వంటి పెద్ద నిర్ణయాలు సరిగ్గా ఉన్నాయా? తప్పు అంటే ఎన్నో నిమిషంలో, ఏ నియమం ప్రకారం?

కాగితం పైన తప్పనిసరిగా ఒక గడి ఉండాలి: "నేను ఏ జట్టు వైపు?" పేరు రాయక్కర్లేదు, ఇది మాత్రం రాయాలి. రెండు జట్ల కాగితాలను కమిటీ విడివిడిగా కూడాలి. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఇద్దరూ తక్కువ మార్కులు వేస్తే ఆ రెఫరీలో నిజంగా లోపం ఉంది. ఓడినవాళ్ళు మాత్రమే తక్కువ వేస్తే అందులో ఓటమి బాధ కలిసి ఉంది, ఒకటికి రెండుసార్లు చూడాలి. అభిమానికి పక్షపాతం ఉంటుంది కాబట్టి అతని తీర్పు పనికిరాదనేవాళ్ళకు మా జవాబు ఇదే. పక్షపాతాన్ని దాచకుండా రాయిస్తే దాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు. చదవడం రాయడం రానివాళ్ళకు పక్కన ఉన్న పిల్లలు రాసిపెట్టవచ్చు.

కాగితం నింపేది హాఫ్‌టైమ్‌లో, మ్యాచ్ అయ్యాక మాత్రమే. బంతి ఆడుతున్నప్పుడు ఆట చూడండి.

కమిటీలను మేం అడిగేవి

ఒకటి, ఆడే జట్ల ఎక్స్‌ట్రా పిల్లలను లైన్స్‌మన్లుగా నిలబెట్టి చేతికి తువ్వాలు ఇచ్చే పద్ధతి ఆపండి. రెండు జట్లకూ సంబంధం లేని ఇద్దరిని, సరైన జెండాలతో నిలబెట్టండి.

రెండు, రెఫరీ భత్యం మ్యాచ్ మొదలుకాకముందే చేతికి ఇవ్వండి. ఆట అయ్యాక ఎవరి మొహమో చూసి అతను డబ్బు అడుక్కునే పరిస్థితి రాకూడదు.

మూడు, టోర్నమెంటుకు ముందు ఒక సాయంత్రం నియమాల తరగతి పెట్టండి. మన హైస్కూళ్ళ పీఈటీ సార్లను, మేడమ్‌లను పిలవండి. ప్రతి కెప్టెన్ రావాలి, అభిమానులెవరైనా కూర్చోవచ్చు.

నాలుగు, మార్కులు కూడిన తర్వాత రెఫరీని కూర్చోబెట్టి అతని మాట కూడా వినండి. ఆ తర్వాతే ఫలితాన్ని బోర్డు మీద పెట్టండి. తక్కువ మార్కులు వచ్చినవాళ్ళకు శిక్షణ, ఎక్కువ వచ్చినవాళ్ళకు ఫైనల్ మ్యాచ్.

అయిదు, రెఫరీ మీద చెయ్యి చేసుకున్న జట్టు ఆ టోర్నమెంటు నుంచి బయటికి పోవాలి. దీనికి మినహాయింపు ఎవరికీ వద్దు.

మార్కులు వేస్తే ఉన్న రెఫరీలు కూడా రారని కొందరి భయం. రెఫరీలను తరిమేది తిట్లు, బెదిరింపులు. తన పనికి విలువ కట్టేవాళ్ళున్నారని, బాగా చేస్తే పెద్ద మ్యాచ్ దక్కుతుందని తెలిస్తే కొత్తవాళ్ళు ముందుకు వస్తారు.

మన పిల్లల్లోనూ రెఫరీలున్నారు

హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు వినని ఫుట్‌బాల్ అభిమాని లేడు. ఆయన శిక్షణలో భారత్ 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. తర్వాత విజిల్ పట్టి ఫిఫా రెఫరీ అయ్యాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. తమిళనాడుకు చెందిన శంకర్ 2002 ప్రపంచకప్‌లో జెండా పట్టాడు. మన దేశపు జట్టు ఇంతవరకూ ఆడని ప్రపంచకప్‌లో మన లైన్స్‌మన్ పనిచేశాడు. 2022 డిసెంబరు 1న ఫ్రాన్సు మహిళ స్టెఫనీ ఫ్రాపార్ పురుషుల ప్రపంచకప్ మ్యాచ్‌ను నడిపించింది. మన వైపు బంతి ఆడే ఆడపిల్లలకు ఆ దారి ఎందుకు ఉండకూడదు? జట్టులో చోటు దొరకని ప్రతి పిల్లవాడికీ, పెళ్ళయ్యాక ఆడలేకపోతున్న ప్రతి అమ్మాయికీ ఆటలో ఉండే ఇంకో చోటు ఇది.

ఇప్పుడు చేయాల్సింది

కెప్టెన్లారా, తరువాతి టోర్నమెంటుకు ఎంట్రీ ఫీజు కట్టేటప్పుడే "మార్కుల కాగితం ఉంటుందా? తటస్థ లైన్స్‌మన్లు ఉంటారా?" అని అడగండి. కమిటీ పెద్దలారా, ఒక్క టోర్నమెంటులో దీన్ని అమలుచేసి చూడండి. ఖర్చు కొన్ని కాగితాలు, ఒక పెట్టె, ఒక సాయంత్రం. పీఈటీ సార్లూ, మేడమ్‌లూ, నియమాలు నేర్పడానికి ఒక గంట ఇవ్వండి. అభిమానులారా, నోటితో వేసే శిక్ష మాని, చేత్తో వేసే మార్కుకు అలవాటుపడండి. ఆడే పిల్లలకు మంచి గ్రౌండు, మంచి బంతి ఎంత అవసరమో మంచి రెఫరీ అంతే అవసరం. ఆ రెఫరీని తయారుచేసుకునే శక్తి మన చేతుల్లో ఉంది. ఈ సీజన్ నుంచే మొదలుపెడదాం.

ఇట్లు
మీ తోటి ఫుట్‌బాల్ అభిమానులు
కొత్తచెరువు