పగారు చీటీ లేనిదే పరపతి ఎక్కడిది?



మన కుంఠా నాకాలో యాభై దాటిన మగ్గం కార్మికులను ఒకచోట కూడగట్టి, జేబులో క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయి? యూనియన్ ఆఫీసులో కూర్చుని మేం గుర్తు చేసుకుంటే ఒక్క పేరు కూడా తట్టలేదు. పుణెలో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసే మన పిల్లల దగ్గర రెండేసి కార్డులున్నాయి. దీపావళికి ఇంటికొచ్చినప్పుడు "ఇంత వయసొచ్చింది, నీకొక కార్డు లేదా నాన్నా" అని అడుగుతారు. కొందరికి ఆ మాట నామోషీగా ఉంటుంది. ఇంకొందరు "నేను అప్పెరగని మనిషిని" అని మీసం దువ్వుతారు. ఈ రెండూ సరికాదని మా అభిప్రాయం.

అప్పెరగని మనిషి మన పేటలో ఎక్కడున్నాడు? కిరాణా దుకాణంలో ఖాతా ఉంది. చిట్టీ ఎత్తుకున్నది ఉంది. ఆడవాళ్ళ గుంపు మీద తెచ్చిన అప్పు ఉంది. పుస్తెలతాడు తాకట్టులో ఉంది, ఫ్రిజ్జు వాయిదాల మీద ఉంది. వీటన్నిటి మీద మగ్గాల యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఉంది. మనం పుట్టింది బాకీలో, పెరిగింది బాకీలో. ఇది కొత్త సంగతి కూడా కాదు. 1931లో విట్లీ కమిషన్ నివేదిక ఇచ్చినప్పుడే, చాలా పారిశ్రామిక పట్టణాల్లో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా కార్మిక కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని, ఎక్కువమందికి ఆ అప్పు మూడు నెలల జీతాన్ని మించి ఉందని రాసింది. మన తాతలు తెలంగాణ పల్లెలు విడిచి షోలాపూర్ మిల్లుల్లో, మగ్గాల మీద చేతులు అరగదీసుకున్న కాలం అది.

కార్డు చరిత్ర చూస్తే ఇంకో విచిత్రం కనబడుతుంది. 1950లో న్యూయార్క్‌లో డైనర్స్ క్లబ్ పేరుతో ఈ పద్ధతి మొదలైంది. మన దేశంలో బ్యాంకులు ఈ దారి పట్టింది 1980 ప్రాంతంలో. అలా మొదట దిగిన బ్యాంకుల్లో ఒకటి మన తెలుగువాళ్ళదే. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి పేరు కూడా లేకుండా పోయింది. తెలుగువాళ్ళ బ్యాంకు కార్డు పుట్టి, పెరిగి, బ్యాంకే మాయమైంది గాని, తెలుగు నేతపనివాడి గుమ్మం దాకా ఆ కార్డు రాలేదు.

ఎందుకు రాలేదు? మనం బాకీ ఎగ్గొట్టేవాళ్ళమా? ముప్పయి ఏళ్ళుగా వారం వారం కిరాణా ఖాతా తీర్చినవాళ్ళు మన పేటలో ఇంటికొకరున్నారు. కాని ఆ నిజాయితీ అంతా కిరాణా సేటు ఎర్ర పుస్తకంలో ఉంది. దాన్ని ఏ బ్యాంకూ చదవదు. బ్యాంకు చదివే పుస్తకం వేరు. 2000లో సిబిల్ అనే సంస్థ వచ్చింది. మనిషి అప్పు తీర్చే తీరుకు 300 నుంచి 900 దాకా మార్కులు వేస్తారు. బ్యాంకు అప్పు ఎప్పుడూ తీసుకోనివాడికి మార్కులే ఉండవు. చరిత్ర లేదు అని రాస్తారు, లేదా మైనస్ ఒకటి అని చూపిస్తారు. జీవితమంతా బాకీలు తీర్చిన మనిషికి మైనస్ ఒకటి! పరీక్షకు కూర్చోనివ్వకుండానే ఫెయిలు చేసినట్టుంది.

బ్యాంకు కౌంటరు దగ్గర మొదట అడిగేది పగారు చీటీ. మొన్న మన సభ్యుడొకాయన వెళ్ళాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పవర్‌లూమ్ నడుపుతున్నాడు. పగారు చీటీ ఏదంటే లేదు. పనిచేసే చోటు నుంచి కాగితం ఏదంటే లేదు. పీఎఫ్ నంబరు లేదు. పగారు నోట్ల రూపంలో చేతికొస్తుంది గనుక బ్యాంకు పాసుబుక్కులోనూ లేదు. చివరికి ఆ బాబు ఎంతో మర్యాదగా "ఇంట్లో ఇంకెవరికైనా ఉద్యోగం ఉందా కాకా" అని అడిగాడట.

ఉంది! ఆయన భార్య బీడీలు చుడుతుంది. ఆమెకు బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డుంది, పీఎఫ్ ఖాతా ఉంది. ఈ మాట మగవాళ్ళు కాస్త నిదానంగా చదవాలి. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, 1977లో బీడీ పరిశ్రమకు పీఎఫ్ వర్తింపజేశారు. ఆ కాగితాల కోసం షోలాపూర్ బీడీ మహిళలు వీధుల్లోకొచ్చి కొట్లాడారు. 2006లో కుంభారిలో గోదూతాయి పరూళేకర్ పేరు మీద కట్టిన పదివేల ఇళ్ళు దక్కింది కూడా వాళ్ళకే. మగ్గం మీద నిలబడేవాడు తానే ఇంటికి ఆధారమనుకుంటాడు. సర్కారు కాగితంలో మాత్రం ఆ ఇంటికి ఆనవాలు బీడీ ఆకు కత్తిరించే చెయ్యే.

మిల్లులున్న రోజుల్లో మగవాళ్ళకూ ఆనవాలు ఉండేది. జూనీ మిల్లు, లక్ష్మీ-విష్ణు మిల్లు, నర్సింగ్ గిర్జీ మిల్లు, వీటిలో పనిచేసినవాళ్ళకు టికెట్ నంబరు, హాజరు, పగారు చీటీ, పీఎఫ్ ఉండేవి. ఆ చీటీ చూపిస్తే పత్‌సంస్థలో పెళ్ళికీ చావుకీ అప్పు పుట్టేది. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చిమినీలు పడిపోయిన సంగతి అందరూ చెప్పుకుంటారు, చీటీ పోయిన సంగతి ఎవరూ చెప్పుకోరు.

చీటీ పోయిన నష్టం ఎలాంటిదో చూడండి. రాత్రి పదింటికి ఇంట్లో ఒకరికి గుండెనొప్పి వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రిలో ముందు ముప్పయి వేలు కట్టమన్నారు. కార్డున్నవాడు గీకుతాడు, బిల్లు గడువులోపల మొత్తం కట్టేస్తే వడ్డీ కూడా పడదు. మనవాడు యజమాని తలుపు కొట్టాడు. యజమాని డబ్బిచ్చాడు, వడ్డీ కూడా వద్దన్నాడు. మంచివాడే అనుకున్నాం. వడ్డీ తీసుకోడు, మనిషినే తీసుకుంటాడు. వారానికి అయిదు వందలు కోస్తే ఆ బాకీ తీరడానికి అరవై వారాలు పడుతుంది. ఈలోగా పక్క కార్ఖానాలో పీసుకు రెండు రూపాయలు ఎక్కువిచ్చినా పోలేడు. పాళీ పెంచితే కాదనలేడు. యూనియన్ మీటింగుకు రమ్మంటే "సేటు చూస్తాడన్నా" అంటాడు. పోవాలంటే కొత్త యజమాని పాత బాకీ కట్టి తీసుకుపోవాలి, సంతలో ఎద్దును తోలుకుపోయినట్టు. అడ్వాన్సు కారణంగా వేరేచోట పనిచేసే స్వేచ్ఛ పోతే అది వెట్టిచాకిరీ అని 1976 చట్టం చెబుతోంది. ఈ చట్టం పేరెత్తితే యజమానులకు కోపం వస్తుంది. కోపం రావలసింది ఎవరికి?

అయితే కార్డు ఇప్పించమని యూనియన్ ఊరేగింపు తీస్తుందా అని అడగకండి. కార్డు కూడా సావుకారే, చొక్కా ఇస్త్రీ చేసుకుని వస్తాడంతే. గడువు దాటితే నెలకు నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అనుకోండి, సంవత్సరానికి నలభై రెండు. పదివేల బాకీకి కనీసపు మొత్తమని అయిదు వందలు కడితే అందులో మూడు వందల యాభై వడ్డీకి, దానిపై పన్ను అరవై మూడు. అసలుకు చేరేది ఎనభై ఏడు రూపాయలు! ముప్పయి శాతానికి మించి వడ్డీ వేయరాదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇస్తే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. జీరో వడ్డీ వాయిదాలని దుకాణాల్లో బోర్డులు పెడతారు గదా, అలాంటి జీరో అనేది అసలు లేదని 2013లో రిజర్వు బ్యాంకే చెప్పింది. కార్డున్న మన పిల్లలు ఈ పేరా రెండుసార్లు చదివితే మంచిది.

మనకు కావలసింది కార్డు కాదు, పగారు చీటీ. చీటీ ఉంటే పీఎఫ్ అడగొచ్చు, సహకార బ్యాంకులో తక్కువ వడ్డీకి అప్పు అడగొచ్చు, అక్కర్లేదనుకుంటే కార్డును కాదనొచ్చు. దొరకని కార్డును కాదనడంలో గొప్పేముంది? పీఎఫ్‌కు ఇరవై మంది ఉండాలన్న లెక్క తప్పించుకోవడానికి ఒకే కప్పు కింద నాలుగు పేర్లతో నాలుగు కార్ఖానాలు చూపించడం మనకు తెలిసిందే. కాని పగారు చీటీకి ఆ సాకు చెల్లదు. లేబర్ కోడ్‌లను కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి, మా వ్యతిరేకత ఇప్పటికీ అలాగే ఉంది. అయినా 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ 50వ సెక్షన్‌లో, ప్రతి యజమానీ పగారు చీటీ ఇవ్వాలని ఉంది. నలుగురు పనిచేసే షెడ్డుకూ అది వర్తిస్తుంది. శత్రువు చేతి కర్ర అయినా మనకు పనికొచ్చే కొస పట్టుకోవాలి.

చీటీ అడుగుతూ యజమానికి ఇవ్వవలసిన దరఖాస్తు తెలుగులో, మరాఠీలో రాసి ఆఫీసులో ఉంచాం. ఒక్కరుగా ఇవ్వకండి, అడ్వాన్సు బాకీ చూపించి నోరు మూయిస్తారు. ఒక షెడ్డువాళ్ళందరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వండి. అడ్వాన్సు ఎంత తీసుకున్నారు, ఇప్పటిదాకా ఎంత కోశారు అన్నది కూడా అదే కాగితం వెనక రాయించుకోండి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయవచ్చు. పగటి పాళీ దిగాక ఏ రోజైనా రండి, రాత్రి తొమ్మిది దాకా ఆఫీసు తెరిచే ఉంటుంది.