ఆడని ఏడాదిని ఆమె లెక్కలో వేయొద్దు

డిగ్రీ మూడేళ్లు. కళాశాల జెర్సీ వేసుకుని బరిలోకి దిగే సీజన్లూ మూడే. 2019లో సికింద్రాబాద్‌లోని ఏ మహిళా కళాశాలలోనో చేరి, బాస్కెట్‌బాల్ జట్టులో చోటు సంపాదించుకున్న అమ్మాయికి వాటిలో పూర్తిగా దక్కింది ఒక్కటే. రెండో ఏడాది కోర్టు దాదాపుగా మూతపడే ఉంది. మూడో ఏడాది ఆట మొదలై ఊపందుకునేలోపే ఒమిక్రాన్ వచ్చి కళాశాలలకు తాళం వేయించింది. 2022లో పట్టా పుచ్చుకుని బయటికొచ్చిన ఆ అమ్మాయిని ఉద్యోగ దరఖాస్తు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ రెండేళ్లలో ఏం గెలిచావు? పోటీలే పెట్టని వ్యవస్థ ఆ ప్రశ్న అడగడం అన్యాయం. పోటీలు రద్దయిన ఏడాదిని క్రీడాకారిణి వయసులో, అర్హతలో, ధ్రువపత్రాల గడువులో లెక్కించకూడదు. అది విపత్తు వచ్చాక వేడుకుంటే దొరికే సడలింపుగా కాక, ముందే రాసిపెట్టిన నిబంధనగా ఉండాలి.

2020 మార్చిలో కళాశాలలు మూయడం తప్పని ఎవరూ అనరు. ఆ నెల 2న తెలంగాణలో తొలి కొవిడ్ కేసు బయటపడింది. రోగిని చేర్చింది సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలోనే. మార్చి 14న రాష్ట్ర ప్రభుత్వం విద్యాసంస్థల మూసివేతను ప్రకటించింది. కొద్ది రోజులకే దేశమంతా లాక్‌డౌన్ అమలైంది. గాంధీ ఆసుపత్రి పూర్తిగా కొవిడ్ ఆసుపత్రిగా మారిన ఆ రోజుల్లో ఆటల గురించి మాట్లాడటానికి కూడా నోరు రాని పరిస్థితి. ప్రాణం ముందు, ఆట తర్వాత. అందులో వాదన లేదు.

వాదనంతా ఆ తర్వాత జరిగిన దాని గురించే. 2020 మే 6న మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. సెప్టెంబరు చివర్లో బార్లకూ అనుమతి వచ్చింది. డిగ్రీ చివరి సెమిస్టర్ పరీక్షలు జరపాల్సిందేనని యూజీసీ పట్టుబట్టింది, సుప్రీంకోర్టు ఆగస్టు 28న ఆ మాటనే సమర్థించింది. డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిగాయి. వాటి కోసం సికింద్రాబాద్ వీధుల్లో ప్రచార ర్యాలీలు సాగాయి. కళాశాల తలుపులు మాత్రం 2021 ఫిబ్రవరి 1న గానీ తెరుచుకోలేదు. మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. రెండో అల ఉద్ధృతిలో మే 12 నుంచి జూన్ 19 వరకు రాష్ట్రం లాక్‌డౌన్‌లో ఉంది. సెప్టెంబరులో తరగతులు గాడిన పడ్డాయనుకుంటుండగానే 2022 జనవరి 8 నుంచి నెలాఖరు దాకా మరోసారి సెలవులు. పరీక్షకు ప్రత్యామ్నాయం ఆలోచించారు, ఎన్నికకు ఆలోచించారు, ఆదాయానికి ఆలోచించారు. ఆడపిల్లల ఆటకు ఆలోచించిన వారు లేరు.

మార్గం లేక కాదు. శిక్షణను దశలవారీగా తిరిగి మొదలుపెట్టేందుకు భారత క్రీడా ప్రాధికార సంస్థ 2020 మేలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఒలింపిక్స్ ఆశలున్న బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సింధు తదితరుల కోసం ఆగస్టులోనే హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో జాతీయ శిబిరం మొదలైంది. ఐపీఎల్‌ను సెప్టెంబరులో ఏకంగా యూఏఈకి తరలించి నడిపించారు. పతకం మీదా పెట్టుబడి మీదా చూపిన శ్రద్ధలో పదో వంతు కళాశాల క్రీడకు దక్కినా, సిమెంటు కోర్టు మీద ఆరుబయట చిన్న చిన్న బృందాలుగా సాధన సాగేది. ఊళ్లోని కళాశాలల మధ్యనైనా, ప్రేక్షకులు లేకుండా, నాలుగు మ్యాచ్‌లు జరిగేవి.

బాస్కెట్‌బాల్ ఇంట్లో కూర్చుని నిలబెట్టుకునే ఆట కాదు. డ్రిబ్లింగ్ మేడ మీద చేసుకోవచ్చు, పరుగు వీధిలో తీయవచ్చు. కానీ పాస్ అందుకునే చెయ్యి, డిఫెన్స్‌లో పక్కవారి అడుగును పసిగట్టే చూపు, చివరి నిమిషంలో ఒత్తిడిని తట్టుకునే గుండె, ఇవన్నీ మ్యాచ్‌లోనే వస్తాయి. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టులో అయిదుగురు ఒక్కటై కదలాలి. ఏడాది పాటు ఒకరి ముఖం ఒకరు చూడని జట్టు మళ్లీ కోర్టులోకి వస్తే కొత్తగా కూడిన జట్టే అవుతుంది.

ఈ దెబ్బ అబ్బాయిలకూ తగిలింది. కానీ సమానంగా తగల్లేదు. అబ్బాయికి కళాశాల గేటు మూసుకుపోతే బస్తీ మైదానం ఉంది, క్లబ్బు ఉంది, చీకటి పడ్డాక కూడా ఆడుకునే స్వేచ్ఛ ఉంది. చాలామంది అమ్మాయిలకు కళాశాల కోర్టే ఏకైక కోర్టు, పీడీ మేడమ్ భరోసాయే ఇంట్లో వాళ్లను ఒప్పించే ఏకైక ఆధారం. హాస్టళ్లు ఖాళీ అయి జిల్లాలకు వెళ్లిపోయిన అమ్మాయిలకు ఆ రెండూ ఒకేసారి దూరమయ్యాయి. ఆన్‌లైన్ తరగతి, ఇంటి పని, పెళ్లి మాటలు, వీటి మధ్య బంతి మూలన పడింది. తిరిగి కళాశాలలు తెరిచినప్పుడు తరగతికి వచ్చిన వారంతా కోర్టుకు రాలేదు. మగవారికి ఒక సీజన్ పోతే వచ్చే ఏడాది చూసుకుందాం అంటారు. ఆడపిల్లకు డిగ్రీ తర్వాత వచ్చే ఏడాది ఎలా ఉంటుందో ఈ సమాజానికి తెలియనిది కాదు.

ఆట అంటే పతకం ఒక్కటే కాదు, బతుకుదెరువు కూడా. సికింద్రాబాద్ వారికి ఇది చెప్పనక్కర్లేదు. దక్షిణ మధ్య రైల్వే కేంద్రమైన రైల్ నిలయం ఇక్కడే ఉంది. మహిళల జాతీయ బాస్కెట్‌బాల్‌లో రైల్వేస్ జట్టుది ఏళ్ల తరబడి ఆధిపత్యం. క్రీడా కోటాలో రైల్వే ఉద్యోగమంటే మధ్యతరగతి ఇంట్లో ఆడపిల్ల ఆటకు దొరికే అతి పెద్ద సమర్థన. ఆ నియామకాల్లో సాధారణంగా పరిగణించేది ఆ ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండేళ్ల ప్రతిభనే. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినందుకు ఇచ్చే ఫారం-3 ధ్రువపత్రానికి కేంద్ర కొలువుల క్రీడా కోటాలో విలువ ఉంది. రాష్ట్ర ప్రభుత్వ నియామకాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక జరగాలంటే అంతర్ కళాశాలల టోర్నీ జరగాలి. అది జరగకపోతే సౌత్‌జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీ లేదు, సౌత్‌జోన్ లేకపోతే ఫారం-3 లేదు, ఫారం-3 లేకపోతే కోటాకు కళాశాల దారి లేదు. 2020-21లో ఈ గొలుసు మొదటి కొక్కెం దగ్గరే తెగింది. ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలదీ అదే కథ. తొలి దఫా 2020 మార్చి 1న భువనేశ్వర్‌లో ముగిస్తే, రెండోది బెంగళూరులో మొదలైంది 2022 ఏప్రిల్ 24న.

తెలంగాణ మహిళలు ఆ తర్వాత మెరవలేదా అని అడిగేవారున్నారు. మెరిశారు. 2022 ఏప్రిల్‌లో చెన్నైలో జాతీయ సీనియర్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ చేరి రైల్వేస్‌తో తలపడ్డారు. అదే ఏడాది గుజరాత్ జాతీయ క్రీడల్లో స్వర్ణం గెలిచారు. వారికి చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ జట్టు ఆట నేర్చుకున్నది కొవిడ్‌కు ముందు. పై అంతస్తు మెరుస్తోందని పునాదిలోని బీటను చూడకపోతే నష్టపోయేది మనమే. 2020లో పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఉండి కోర్టు దూరమైన అమ్మాయిల్లో ఎందరు తిరిగి రాలేదో లెక్క తీసే ప్రయత్నమైనా జరగాలి.

ఇతర దేశాలు ఏం చేశాయి? అమెరికాలో కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 2020 మార్చి 12న పురుషుల, మహిళల జాతీయ టోర్నీలు రెండింటినీ రద్దు చేసింది. తర్వాతి సీజన్ ఆడే బాస్కెట్‌బాల్ క్రీడాకారులకు ఆ ఏడాదిని అర్హత లెక్కలోంచి మినహాయిస్తున్నట్టు అదే ఏడాది అక్టోబరులో ప్రకటించింది. స్థానిక ఆంక్షల వల్ల సొంత కోర్టుకు దూరమైన స్టాన్‌ఫర్డ్ మహిళల జట్టు రెండు నెలలకు పైగా ఊళ్లు తిరుగుతూ ఆడి, 2021 ఏప్రిల్‌లో టైటిల్ గెలిచింది. అక్కడా అంతా సవ్యంగా లేదు. శాన్ ఆంటోనియోలో మహిళల జట్లకు మొదట ఇచ్చిన వ్యాయామ సామగ్రి మగవారి సదుపాయాలతో పోలిస్తే ఏ మూలకూ చాలదని ఒక క్రీడాకారిణి వీడియో పెట్టాకే నిర్వాహకులు కదిలారు. డబ్బున్న చోట కూడా ఆడవారి ఆట రెండో వరుసలోనే ఉంటుందని ఆ ఉదంతం చెబుతుంది. అయితే మహమ్మారి ఏడాది భారాన్ని క్రీడాకారుల నెత్తిన వేయకూడదన్న సూత్రాన్ని వారు పాటించారు. మనమూ పాటించాలి.

గడువు పెంచితే జూనియర్ల అవకాశాలు పోతాయన్నది ఒక అభ్యంతరం. ధ్రువపత్రం చెల్లుబాటును పొడిగిస్తే ఎవరి చోటూ పోదు. ఎంపికలో అందరితో పాటు నిలబడే హక్కు మాత్రమే దక్కుతుంది. వయోపరిమితి సడలింపును రద్దయిన ఏడాది కళాశాలలో నమోదై ఉన్నవారికే పరిమితం చేస్తే దుర్వినియోగానికీ తావుండదు.

తెలంగాణ 2025లో కొత్త క్రీడా విధానం ప్రకటించింది. క్రీడా విశ్వవిద్యాలయానికి చట్టం చేసింది. కేంద్రమూ క్రీడా పాలనకు కొత్త చట్టం తెచ్చింది. నిబంధనలు రూపుదిద్దుకుంటున్న ఈ సమయంలోనే విపత్తు నియమావళినీ రాయాలి. పోటీలు రద్దయిన ఏడాది వయసుకూ, అర్హతకూ, ధ్రువపత్రాలకూ లెక్కలోకి రాదని విశ్వవిద్యాలయాల సంఘం, రైల్వే బోర్డు, రాష్ట్ర ప్రభుత్వం మూడూ ఒకే మాటగా ప్రకటించాలి. విద్యాసంస్థలు మూతపడినా ఆరుబయటి కోర్టుల్లో సాధన ఎప్పుడు, ఎంతమందితో మొదలుకావాలో ఉస్మానియా తన క్యాలెండర్‌లోనే పొందుపరచాలి. అందులో మహిళల సమయం మగవారి సమయానికి తగ్గకూడదు. ఆటలు జరగని ఏళ్లలో వసూలైన క్రీడా రుసుము ఏమైందో ప్రతి కళాశాలా లెక్క చెప్పాలి.

క్రికెటర్ మిథాలీ రాజ్ చదువుకున్న ఊరు సికింద్రాబాద్. సింధు ఆటలో ఓనమాలు దిద్దిన రైల్వే కోర్టులున్న ఊరు ఇది. ఇక్కడి ఆడపిల్లలకు ప్రతిభ కొరత ఎప్పుడూ లేదు, ఉన్నది నిబంధనల కొరత. మరో మహమ్మారి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చిన రోజున ఏ అమ్మాయీ తన సీజన్ కోసం ఏ అధికారి గుమ్మం ముందూ అర్జీ పట్టుకుని నిలబడే అవసరం రాకూడదు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు ఆ నియమావళి జీవోగా వెలువడాలి.