చిన్న విడిభాగం, పెద్ద అమానతు



వడ్రంగి చేతిలోని రందా ఆగిపోవడానికి ఒక్క మరమేకు విరిగితే చాలును. ఆ మరమేకు వెల స్వల్పమే. కాని సరైనది దొరికేవరకు పని నిలిచిపోతుంది, ఆ దినపు కూలి పోతుంది, పని అప్పగించినవారికి ఇచ్చిన మాట తప్పిపోతుంది. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి వృత్తిలో ఉండేవారని హదీసు తెలుపుతున్నది. నేడు కూడా మన సమాజంలో ఎన్నో కుటుంబాలు ఉలి, రంపం, రందాల మీదనే జీవిస్తున్నాయి. ఆ పనిముట్లకు విడిభాగాలు అమ్మే దుకాణదారుని ధర్మం ఏమిటో, కొనేవారి ధర్మం ఏమిటో ఈ నెల ముచ్చటించదలచాము.

ముందుగా విషయ స్వరూపాన్ని గ్రహిద్దాము. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఇనుప రందాలకు మూలరూపం అమెరికాలో లియొనార్డ్ బెయిలీ రూపొందించినది. ఆయన పేటెంట్లను స్టాన్లీ సంస్థ 1869లో కొనుగోలు చేసింది. ఈ కోవకు చెందిన 3వ నంబరు రందాకు బ్లేడు వెడల్పు ఒకటి ముప్పావు అంగుళాలు. 4వ నంబరుకు 2 అంగుళాలు. నాలుగున్నర నంబరుకు సుమారు 60 మిల్లీమీటర్లు. పాత బ్లేడ్ల మందం దాదాపు 2 మిల్లీమీటర్లు. నేడు లభించే మేలురకం బ్లేడ్లలో కొన్ని 3 మిల్లీమీటర్ల వరకు ఉంటాయి. వెడల్పు సరిపోయినా, మందం పెరిగితే బ్లేడు రందా నోటిలో పట్టకపోవచ్చు. పట్టినా చెక్క పొట్టు బయటికి రాక ఇరుక్కుపోవచ్చు. బ్లేడును పైకీ కిందికీ జరిపే మీట కూడా దాని గాడిని అందుకోలేకపోవచ్చు.

మరమేకుల సంగతి మరింత సూక్ష్మం. స్టాన్లీ రందా పిడిని బిగించే బోల్టుకు అంగుళానికి 20 మరలు ఉంటాయి. అది మామూలు బోల్టుల దుకాణంలో దొరికే మిల్లీమీటరు కొలతల రకం కాదు. దాదాపుగా అదే లావు ఉన్నదని వేరొక బోల్టును బలవంతంగా తిప్పితే లోపలి మరలు చెడిపోతాయి. అప్పుడు కొద్ది రూపాయల లోపం కాస్తా రందా మొత్తానికి వ్యాపిస్తుంది. ఉలి పిడి విషయమూ ఇంతే. కొన్ని ఉలుల తోక పిడిలోనికి దిగుతుంది. మరికొన్నింటికి ఉలికే గొట్టం ఉండి పిడి దానిలోనికి దిగుతుంది. ఒకదాని పిడి మరొకదానికి పనికిరాదు.

కనుక ఈ వ్యాపారంలో సేవ అనేది చిరునవ్వుతోనో, చాయ్‌తోనో పూర్తి కాదు. అడగడం, కొలవడం, ఆపైన నిజం చెప్పడం - ఈ మూడే దానికి ప్రాణం.

మా మద్రసా కితాబుల అలమారాలు బాగుచేసిన ఒక వడ్రంగి అనుభవాన్ని ఇక్కడ ప్రస్తావిస్తాము. తన రందాకు బ్లేడు కావాలని ఆయన ఒక దుకాణానికి వెళ్లగా, అక్కడివారు ఏమీ అడగకుండానే, "సరిపోతుంది, తీసుకెళ్లండి" అని ఒక మందపాటి బ్లేడు చేతికిచ్చారు. అది రందా నోటిలో పట్టలేదు. మరునాడు తిరిగి తీసుకువెళితే, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదన్న బోర్డును చూపించారు. ఆయన మరొక దుకాణానికి వెళ్లారు. అక్కడి పెద్దాయన పాత బ్లేడును చేతిలోకి తీసుకుని, వెడల్పు, మందం కొలిచి, తన వద్ద ఉన్నదానిని దాని పక్కన పెట్టి చూసి, "లేదు భాయ్, ఇది నీ రందాకు కుదరదు. వారం ఆగితే తెప్పిస్తాను. తొందరైతే పక్క బజారులో అడిగి చూడు" అన్నారు. ఆ దినం ఆయన ఒక్క పైసా సరుకు అమ్మలేదు. కాని వడ్రంగి వారం ఆగి ఆయన వద్దనే కొన్నారు. ఇప్పుడు తన తోటివారినీ అక్కడికే పంపుతున్నారు.

మేము విద్యార్థులకు బోధించే ఫిఖ్హ్ గ్రంథాలలో క్రయవిక్రయాల అధ్యాయం ఎంతో విపులమైనది. దాని వెలుగులో ఈ సమస్యను మూడుగా విభజించి చూడవచ్చు.

మొదటిది, సరుకులోనే దాగిన లోపం. బ్లేడులో పగులు ఉన్నది, లేదా బోల్టుకు మరలు సరిగా పడలేదు. కొన్నవారికి దానిని తిరిగి ఇచ్చే హక్కు ఉన్నది. దీనినే ఖియారె ఐబ్ అంటారు. తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం నిషిద్ధం.

రెండవది, సరుకులో లోపం లేదు; కాని "సరిపోతుంది" అని అమ్మినవారు హామీ ఇచ్చారు, అది సరిపోలేదు. చెప్పిన గుణం లేనప్పుడు బేరాన్ని రద్దు చేసుకునే అధికారం హనఫీ ఫిఖ్హ్‌లో కొన్నవారికి ఉన్నది. అనగా గల్లా ముందు తేలికగా పలికే ఆ ఒక్క మాట బేరానికి షరతుగా మారుతుంది. చూడకుండా ఆర్డరుపై తెప్పించుకున్న వస్తువును చూసిన తరువాత తిరస్కరించే హక్కును కూడా హనఫీ పండితులు గుర్తించారు.

మూడవది, కొన్నవారే తప్పు కొలత చెప్పి, స్వయంగా ఎంచుకుని తీసుకువెళ్లారు. ఇక్కడ వారికి హక్కు లేదు. అయినా అమ్మినవారు దయతో తిరిగి తీసుకుంటే దానిని ఇఖాలా అంటారు. ఇది ఇహ్సాన్, ఎంతో పుణ్యప్రదమైన కార్యం. మొదటి రెండింటిలో వాపసు తీసుకోవడం ఉపకారం కాదు, బాధ్యత. ఈ భేదాన్ని మరచి, బాధ్యతను ఉపకారంగా చెప్పుకోవడం తగదు.

దేశ చట్టం కూడా ఈ మార్గానికి దూరంగా లేదు. ఏ పని కోసం కొంటున్నదీ చెప్పి, అమ్మేవారి నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు, వస్తువు ఆ పనికి తగినదై ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 16వ సెక్షన్ సాధారణ నియమంగా నిర్దేశిస్తున్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపభూయిష్టమైన సరుకును బిల్లులో పేర్కొన్న గడువులో, గడువు పేర్కొనకపోతే 30 రోజులలోపు, వాపసు తీసుకోవడానికి నిరాకరించడమూ అంతే. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే పనిముట్టు కొనుక్కున్న వడ్రంగి కూడా ఈ చట్టం దృష్టిలో వినియోగదారుడే. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల వరకు విలువ గల కొనుగోళ్లపై ఫిర్యాదుకు రుసుము లేదు.

కొనేవారికీ కొన్ని మర్యాదలు ఉన్నాయి. పాత భాగాన్ని వెంట తీసుకువెళ్లాలి. వీలైతే రందానే తీసుకువెళ్లాలి. బిల్లు అడిగి భద్రపరచాలి. కొత్త బ్లేడుకు సాన పట్టకముందే అమర్చి చూడాలి. సాన పట్టిన తరువాత దాగిన లోపం బయటపడితే, అమ్మినవారు ఒప్పుకుంటే తప్ప తిరిగి ఇవ్వజాలరు; లోపం మేరకు ధరలో తగ్గింపు మాత్రం కోరవచ్చునని హనఫీ ఫిఖ్హ్ చెబుతున్నది. లోపం తెలిసి కూడా వాడుకుంటే దానికి సమ్మతించినట్లే. నాలుగు రోజులు పని చేయించుకుని, తుడిచి, కొత్తదని తిరిగి ఇవ్వడం మోసం. మోసం గల్లాకు ఏ వైపు నుండి జరిగినా మోసమే.

తయారీదారుల బాధ్యత ఇంకొకటి. కెనడాలోని ఒటావాలో 1978లో ప్రారంభమైన లీ వ్యాలీ సంస్థ పాత స్టాన్లీ, రికార్డ్ రందాలకు సరిపడే బ్లేడ్లను నేటికీ తయారుచేయిస్తున్నది. తాతగారి రందాకు మనవడు కొత్త బ్లేడు కొనుక్కోగలుగుతున్నాడంటే కారణం కొలతలను నిలబెట్టడమే. విడిభాగం దొరికితే పనిముట్టు బ్రతుకుతుంది. దొరకకపోతే మంచి ఇనుము చెత్తకుప్పకు చేరుతుంది. వృథా వ్యయాన్ని వారించే ధర్మం మనది.

మన పిల్లలలో అనేకులు పెద్దల దుకాణాలలో కూర్చుంటున్నారు. వారికి లెక్కలతో పాటు ఒక వాక్యాన్ని కూడా నేర్పండి: "ఇది మీకు సరిపోదు." ఆ మాట పలికిన చోట ఒక బేరం పోవచ్చు, కాని ఒక కూలివాని దినం దక్కుతుంది. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్ అని నమ్మినవారికి ఆ మాట పలకడం కష్టం కారాదు.