తల్లి లేని శత్రువు

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె కుటుంబ హింస కేసుల పని చూస్తుంది. పొద్దంతా పోలీస్ స్టేషనూ, కోర్టూ, ఆసుపత్రీ తిరిగి, సాయంత్రం బస్సెక్కగానే సంచీలోంచి ఒక లావుపాటి ఇంగ్లీషు నవల తీస్తుంది. ఒకరోజు పక్క సీట్లో కూర్చుని అట్ట చూశాను. మాక్స్ బ్రూక్స్ రాసిన ‘వరల్డ్ వార్ జెడ్’. చచ్చినవాళ్ళు లేచి బతికున్నవాళ్ళని కరుస్తారు, ఆ కాటు తిన్నవాళ్ళు చచ్చి మళ్ళీ లేచి ఇంకొకర్ని కరుస్తారు, ప్రపంచంలోని సైన్యాలన్నీ వాళ్ళతో యుద్ధం చేస్తాయి. ఇదీ కథ. “పొద్దస్తమానం మనం చూసే హింస చాలదా తల్లీ, రాత్రిపూట ఇదెందుకు?” అన్నాను. “చదివి అడగండక్కా” అని పుస్తకం నా చేతిలో పెట్టింది.

చేతబడి సీరియళ్ళ కోసం వారపత్రికలు చేతులు మారిన రోజులు చూసిన తరం మాది. క్షుద్ర సాహిత్యం అని ఒక్క మాటతో వాటిని పక్కన పెట్టేశాం. అంతమంది ఆడవాళ్ళు వాటిని ఎందుకు చదివారో మాత్రం అడగలేదు. ఇప్పుడీ జాంబీ నవలల విషయంలో ఆ పొరపాటు చెయ్యకూడదని మూడు రాత్రులు కూర్చుని చదివాను. చదివాక తెలిసిందేమంటే, ఇది మనం పట్టించుకోవలసిన విషయమే. ఎవర్ని చంపితే పాపం కాదు, ఎవరి చావుకి విచారణ అక్కర్లేదు అన్న ప్రశ్న దీని మధ్యలో ఉంది.

ముందు ఈ జాంబీ ఎక్కడ పుట్టిందో చూడాలి. కరీబియన్ సముద్రంలోని హైతీ ఒకప్పుడు ఫ్రాన్సు వలస. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసల చేత అక్కడి చెరుకు తోటల్లో చచ్చేదాకా పని చేయించేవాళ్ళు. 1791లో ఆ బానిసలు తిరగబడ్డారు, 1804లో స్వతంత్ర దేశం తెచ్చుకున్నారు. జాంబీ వాళ్ళ జ్ఞాపకాల్లోంచి వచ్చింది. చావొక్కటే విముక్తి అనుకున్న మనిషికి అంతకు మించిన భయం ఒక్కటే ఉంటుంది, చచ్చాక కూడా లేపి పనిలో పెడతారేమోనని. మన మాటల్లో చెప్పాలంటే, జాంబీ అంటే చావుతో కూడా తీరని వెట్టి. ఆ జాంబీ ఎవర్నీ కరవదు, నోరెత్తకుండా చెప్పిన పని చేస్తుంది.

ఈ కథ అమెరికా చేరింది సైన్యం వెంబడే. 1915 నుంచి 1934 దాకా అమెరికా మెరైన్లు హైతీని ఆక్రమించుకుని ఉన్నారు. పాత చట్టమొకటి తిరగదోడి రైతుల చేత రోడ్ల పనికి వెట్టి చేయించారు. ఎదురు తిరిగిన వాళ్ళని కాల్చారు. ఆ రోజుల్లోనే, 1929లో, విలియం సీబ్రూక్ అనే అమెరికన్ ‘ద మాజిక్ ఐలండ్’ అనే పుస్తకంలో జాంబీల గురించి రాశాడు. ఆ జాంబీలు పని చేసేది అమెరికన్ల చక్కెర కంపెనీ చెరుకు తోటల్లో. వాళ్ళ కూలి తీసుకునేది వాళ్ళని తోలుకొచ్చిన మనిషి. 1932లో ‘వైట్ జాంబీ’ సినిమా వచ్చింది. చక్కెర మిల్లులో నల్లవాళ్ళ శవాలు గానుగ తిప్పుతుంటే, కథ మాత్రం ఒక తెల్ల పెళ్ళికూతురు జాంబీ అయిపోయిందే అని వాపోతుంది. ఎవరి కష్టం కథ అవుతుందో, ఎవరి కష్టం తెర మీద వెనక ఉండిపోతుందో మనకు తెలియనిది కాదు.

1968లో జార్జి రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’తో ఈ కథ తలకిందులైంది. శవాలు ఇప్పుడు పని చెయ్యవు. గుంపుగా వచ్చి ఇళ్ళ మీద పడతాయి. వెట్టివాడి పీడకల కాస్తా గుంపుని చూసి జడిసే ఇంటివాళ్ళ పీడకల అయింది. అయితే రొమెరోకి ఈ మార్పులో ఉన్న ప్రమాదం తెలుసు. రాత్రంతా పోరాడి బతికి బయటపడిన నల్లజాతి యువకుణ్ణి పొద్దున్నే వచ్చిన షెరీఫ్ మనుషులు శవమనుకుని కాల్చేస్తారు. సినిమా అక్కడితో అయిపోతుంది.

ఆ తర్వాత ఈ కథల్లోకి సైన్యం పూర్తిగా దిగింది. 2006లో వచ్చిన ‘వరల్డ్ వార్ జెడ్’ వాటిలో ఎక్కువమంది చదివిన పుస్తకం. 2013లో సినిమాగా కూడా వచ్చింది. నవల చెప్పిన తీరు బాగుంటుంది. యుద్ధం అయిపోయాక ఒకతను ఐక్యరాజ్యసమితి నివేదిక కోసం దేశదేశాలు తిరిగి బతికినవాళ్ళ సాక్ష్యాలు సేకరిస్తాడు. పైవాళ్ళు అంకెలుంచి మనుషుల మాటలు కొట్టేస్తారు. ఆ కొట్టేసిన మాటలే ఈ పుస్తకం. నిజనిర్ధారణకు వెళ్ళి వచ్చి నివేదికలు రాసిన మనలో ప్రతి ఒక్కరికీ ఈ అనుభవం ఉంది.

హారర్ పాఠకులకు ఇందులో దొరికే రుచి ఏమిటి? మామూలు దెయ్యం కథలో ఒక ఇల్లు, ఒక మనిషి, ఒక రాత్రి. ఇక్కడ దేశాలకు దేశాలే భయపడతాయి. ఆ భయానికి సైన్యం ఒక పద్ధతి నేర్పుతుంది. న్యూయార్కు దగ్గర యాంకర్స్ అనే చోట అమెరికా సైన్యం టీవీ కెమెరాల ముందు తన ట్యాంకులూ, విమానాలూ అన్నీ ప్రదర్శించి చిత్తుగా ఓడిపోతుంది. తర్వాత బుద్ధి తెచ్చుకుని, వరసలు కట్టి, తొందరపడకుండా, తలకొక్క తూటా చొప్పున కాల్చడం నేర్చుకుంటుంది. ఏ తుపాకి, ఎంత తిండి, ఎంత నిద్ర, అన్నీ లెక్క ప్రకారం. భయం లెక్కల్లోకి వచ్చేసరికి చదివేవాళ్ళకి ధైర్యం వస్తుంది. ‘నేనైతే ఏం చేసేదాన్ని?’ అని ఆలోచిస్తూ పేజీలు తిప్పుతాం. నేనూ తిప్పాను.

పుస్తకంలో మెచ్చుకోవలసినవి ఉన్నాయి. అందర్నీ కాపాడలేం కాబట్టి కొందర్ని ఎరగా వదిలేసి మిగిలినవాళ్ళు తప్పించుకోవాలనే పథకం ఇందులో ఉంది. అది మొదట దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వం కోసం తయారు చేసిన పథకమని రచయిత దాచకుండా చెప్తాడు. మన గుజరాత్‌లోని ఆలంగ్ తీరంలో పాత ఓడల వైపు జనం ప్రాణాలకు తెగించి ఈదే దృశ్యం ఉంది. దేశాన్ని మళ్ళీ నిలబెట్టే పని మొదలయ్యేసరికి పెద్ద పెద్ద ఆఫీసర్లు ఏ పనీ చేతకానివాళ్ళుగా తేలతారు. నిన్నటి దాకా వాళ్ళ ఇళ్ళు ఊడ్చి తుడిచిన వలస కార్మికులు వాళ్ళకు పని నేర్పే గురువులౌతారు. ఇంటిపనికి విలువ కట్టమని ఎన్నేళ్ళుగానో అడుగుతున్న మనకు ఆ పేజీలు నచ్చకుండా ఉండవు.

ఇంత చెప్పాక కూడా నన్ను బాధపెట్టిన విషయం ఒకటుంది. ఈ యుద్ధంలో శత్రువుకి తల్లి లేదు, భాష లేదు, పిల్లల్లేరు. వాణ్ణి ఖైదీగా పట్టుకోనక్కర్లేదు, వాడి శవం ఎవరికీ అప్పగించనక్కర్లేదు. 1949 నాటి జెనీవా ఒప్పందాలు వాడికి వర్తించవు. వేల తలలు పగిలినా చదివేవాళ్ళకి చీమ కుట్టినట్టుండదు. సైన్యం పాత్రగా వచ్చే జాంబీ నవల ఇచ్చే అసలు సుఖం ఇదే, పాపం అంటని హత్య.

ఇది కథల వరకే అనుకుంటే పొరపాటు. 2011లో అమెరికా స్ట్రాటజిక్ కమాండ్ అధికారులు శిక్షణ కోసం జాంబీల మీద యుద్ధానికి ఒక ప్రణాళిక రాసుకున్నారు. నిజమైన దేశం పేరు పెడితే జనం అపార్థం చేసుకుంటారని జాంబీలను ఎంచుకున్నామన్నారు. 2014లో అది పత్రికలకెక్కినప్పుడు అందరూ నవ్వుకున్నారు. అందులో కోళ్ళ జాంబీలు కూడా ఉన్నాయి మరి! కానీ అందులోనే ఇంకో మాట ఉంది. చట్టాలన్నీ మనుషుల, జంతువుల ప్రాణాలకే వర్తిస్తాయి గనక జాంబీల మీద ఏం చేసినా దాదాపు అడ్డు లేదని దాని సారాంశం. ఆ మాట దగ్గర నాకు నవ్వు రాలేదు. ఎదుటివాడు మనిషి కాదని ఒక్కసారి తేల్చేస్తే చట్టం పక్కకు తప్పుకుంటుంది.

ఆ తేల్చెయ్యడం మన దగ్గరా జరిగింది. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారు. డిసెంబరు 6న ఆ కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్ళు మనుషులు కాదు మృగాలు అన్న మాట అప్పటికే ఊరూరా తిరుగుతోంది. పోలీసుల మీద పూలు చల్లారు. మన ఇళ్ళల్లో కూడా చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు. ఆ రోజు హైకోర్టు తలుపు తట్టిన కొద్దిమంది మహిళా, హక్కుల కార్యకర్తలు ఎన్ని తిట్లు తిన్నారో మనకు గుర్తే. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటకు వచ్చింది. పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని ఆ నివేదిక చెప్పింది. అప్పటికి పూలు వాడిపోయి చాలా రోజులైంది. నేరం రుజువు కావాల్సిన కోర్టు, సాక్ష్యం వినాల్సిన జడ్జి, ఇవేవీ ఆ అమ్మాయికి దక్కలేదు. నిందితులు చచ్చారు గానీ న్యాయం జరగలేదు.

ఇక ఈ కథల్లో సైన్యం కాపాడే ఆడవాళ్ళ సంగతి. 2002లో డానీ బాయిల్ తీసిన ‘28 డేస్ లేటర్’ ఈ విషయంలో చాలా నిజాయితీగా ఉంది. రేడియోలో ‘మా దగ్గరికి రండి, రక్షణ ఉంది’ అని సైన్యం పిలుస్తుంది. నమ్మి వెళ్తే, నా సైనికులకి ఆడవాళ్ళని తెస్తానని మాటిచ్చానంటాడు మేజరు. వెళ్ళినవాళ్ళలో ఒకమ్మాయి ఇంకా చిన్నపిల్ల. ‘వరల్డ్ వార్ జెడ్’లో మరియా అనే రష్యన్ సైనికురాలు ఉంది. తోటి సైనికుల్ని తమ చేతులతోనే చంపుకోవలసిన క్రూరమైన శిక్ష చూసి బతికిన మనిషి. గెలిచాక ఆమెకు దక్కిన పని దేశం కోసం వరసగా బిడ్డల్ని కనడం. యుద్ధంలో తుపాకి పట్టిన చెయ్యే, శాంతి వచ్చాక రాజ్యానికి గర్భసంచిగా మాత్రమే పనికొచ్చింది. అదే ఆమెకు గర్వంగా కూడా ఉంటుంది. రచయిత దాన్ని చూపించి వదిలేశాడు. ఆ పుస్తకంలో సాక్ష్యం చెప్పేవాళ్ళలో అత్యధికులు మగవాళ్ళే కాబట్టి, దాని గురించి ఇంకో స్త్రీ ఏమనుకుందో మనకు తెలియదు.

మరియా దగ్గర నాకు 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ గుర్తొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు తమ నోటితో చెప్పిన సంగతులవి. ఆ నవలకీ ఈ పుస్తకానికీ ఎక్కడి పోలిక అంటారేమో. రెండూ యుద్ధం తర్వాత మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి విన్న మాటలుగా నడుస్తాయి. ఒకటి ఊహ, ఒకటి నిజం, అంతే తేడా. పోరాటమైపోయాక ఇక ఇళ్ళకి పోయి వంట చేసుకోమన్నారని మనవాళ్ళు చెప్పుకున్న బాధ, మరియా నోట రావలసింది, రాలేదు. ఆ లోటు తెలిసేది మన పుస్తకం చదివినవాళ్ళకే.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఇవన్నీ మా అమ్మాయికి చెప్పాను. శ్రద్ధగా వింది. తర్వాత అంది: “అవన్నీ నిజమే అక్కా. కానీ నేను చదివేది అందుకు కాదు. మనం రోజూ చీకటి పడ్డాక బస్టాపు నుంచి హాస్టలు దాకా వెనక్కి చూసుకుంటూ నడుస్తాం కదా. ఆ పుస్తకంలో అందరూ అట్లాగే నడుస్తారు. మగవాళ్ళూ, మంత్రులూ, జనరల్స్ కూడా. భయపడినందుకు అక్కడెవరూ నవ్వరు.”

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇన్నేళ్ళ పనిలో ఆడవాళ్ళ భయం గురించి ఎన్నో మీటింగుల్లో మాట్లాడాను. ఆ భయం అందరిదైతే ఎంత ఊరటగా ఉంటుందో ఆలోచించలేదు. చేతబడి సీరియళ్ళు చదివిన ఆనాటి ఆడవాళ్ళని అడిగి ఉంటే, బహుశా వాళ్ళూ ఇలాంటి మాటే చెప్పేవాళ్ళేమో.

అందుకే ఆ పుస్తకాలు చదవొద్దని నేను అనను. ఆ భయం నిజం. దాన్ని ఒప్పుకున్న పుస్తకం మీద మనసు పోవడం సహజం. అయితే బస్టాపు దగ్గర మన వెంట పడేవాడు జాంబీ కాదు. వాడికి తల్లి ఉంది, ఊరుంది, కులముంది, అండగా నిలబడే పెద్దమనుషులున్నారు. చాలా కేసుల్లో వాడు మన ఇంట్లోనే ఉంటాడు. వాడు మనిషి కాబట్టే బోనులో నిలబెట్టి జవాబు చెప్పించగలం. మనిషి కాదంటే వాడి చేత జవాబు చెప్పించే అవకాశం పోతుంది, వాణ్ణి అట్లా తయారుచేసిన ఇల్లూ, ఊరూ కూడా తప్పించుకుంటాయి.

కాబట్టి ఈ నవలలు చదివే అమ్మాయిలతో కూర్చుందాం. ఎవర్ని కాలుస్తున్నారు? గోడ బయట ఎవర్ని వదిలేశారు? గెలిచాక ఆడవాళ్ళు ఏమయ్యారు? ఈ మూడూ అడుగుతూ చదువుదాం. మా అమ్మాయి ఇప్పుడు ఇంకో నవల మొదలుపెట్టింది. ఈసారి నేను కూడా తనతోపాటు చదువుతున్నాను.