స్పూను మనది, పోస్టర్ ఎవరిది?

మొన్న ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం చూస్తూ ఫోన్లోనే ఒక పోస్టర్ చేసేశా. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసే ఇంటి అమ్మాయి వాట్సాప్ స్టేటస్‌కి అడిగింది. రెడీమేడ్ టెంప్లేట్ తీసుకున్నా. పాలరాతి బల్ల, తెల్ల పింగాణీ ప్లేటు, మధ్యలో వాళ్ల స్పూను. పది నిమిషాల్లో పని అయిపోయింది. పంపాను. జవాబొచ్చింది: “బాగుందన్నా. కానీ ఇందులో మేం యాడుండాం?”

బస్సెక్కినా ఆ మాట వదల్లేదు. 1911 నాటి ఒక జపాన్ పోస్టర్ గుర్తొచ్చింది. టోక్యోలో మిత్సుకోషి అనే పెద్ద స్టోర్ పోస్టర్ల పోటీ పెడితే, హషిగుచి గోయో అనే చిత్రకారుడు వెయ్యి యెన్ల మొదటి బహుమతి కొట్టేశాడు. ఆయన చదివింది పాశ్చాత్య చిత్రకళ. అచ్చు వేసింది యూరప్ నుంచి వచ్చిన లితోగ్రఫీలో. బొమ్మలో మాత్రం కిమోనో కట్టిన జపాన్ మగువ, ఆమె చేతిలో వాళ్ల పాతకాలపు చెక్క అచ్చు బొమ్మల పుస్తకం! పద్ధతి బయటిది, మనిషి వాళ్ల మనిషే.

మనకూ ఇది కొత్తేం కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లితో ప్రెస్ పెట్టి, జర్మన్ నిపుణుల సాయంతో లక్ష్మిని, సరస్వతిని ఇంటింటికీ చేర్చాడు. వెలుగునీడలు పడమటివి, దేవతలు మనవాళ్లు. కిరాణా కొట్టువాళ్లు ఏటా ఇచ్చే దేవుడి క్యాలెండర్ ఆ దారిలో వచ్చిందే.

అసలు ఉదయగిరి సరుకుదీ అదే కథ. ఫోర్కు మన వంటింట్లో పుట్టలేదు. కానీ నర్ది, బిక్కి లాంటి కర్ర ఇక్కడి అడవిది, పిడిమీద చెక్కిన పని ఇక్కడి చేతులది. జీఐ గుర్తింపు కూడా ఉంది. అలాంటిదాన్ని నేను మిషన్ స్పూనులా చూపించా. చూసినవాళ్లు మిషన్ స్పూను రేటే కదా అడుగుతారు? ఒక్కో పిడిమీద గంటలు కూర్చునే వాళ్లకి అది గిట్టుబాటవుతుందా?

ఉదయగిరిలో దిగి నేరుగా వాళ్లింటికే వెళ్లా. పిడిమీది చెక్కుడు ఫొటో తీసి, దాన్నే పోస్టర్ చుట్టూ అంచుగా పెట్టా. వెనక దుర్గం కొండ. మధ్యలో వాళ్లమ్మ చేతులు, ఉలి, సగం చెక్కిన స్పూను. యాప్ మాత్రం పాతదే.

అమ్మాయి చూసి నవ్వింది. “ఇప్పుడు మాదన్నా. రేటు కూడా రాసెయ్, పెద్దక్షరాల్లో.”