పొగ ఆగింది సరే, అరిగిన రింగు పెరిగిందా?

మన మెట్టలో పాత ట్రాక్టర్ ఉన్న అన్నలందరికీ ఒక మాట. కొందరికి నచ్చకపోవచ్చు, ముఖ్యంగా డబ్బాలు అమ్మేవాళ్ళకి. అయినా చెప్తాను.

సీతారామపురం నుంచి ఉదయగిరి, ఆత్మకూరు దాకా ఎక్కడ చూసినా పాత మాస్సీలు, మహీంద్రాలు, స్వరాజులు ఇంకా దున్నతానే ఉండాయి. కొత్త బండి కొనే స్తోమత అందరికీ లేదు, అందులో సిగ్గుపడేదేం లేదు. ఈ బండ్లకి నీలం పొగ మొదలవగానే అంగట్లో ఒక చిన్న డబ్బా చేతిలో పెడతారు. "ఇది ఇంజన్ ఆయిల్లో పొయ్యన్నా, పొగ ఆగిపోద్ది, పికప్ వస్తది, ఇంజన్ ఇప్పే పనే లేదు" అంటారు. నేననేది ఒకటే. అరిగిన ఇంజన్‌కి ఆ డబ్బా వైద్యం కాదు, ముసుగు.

ఎట్టంటే, లైనరూ రింగులూ అరిగి మధ్యలో సందు పడింది. ఆ సందులోంచి ఆయిల్ పైకెక్కి డీజిల్‌తో పాటు కాలతా ఉంది. అదే నీలం పొగ. పొగ ఆపే డబ్బాల్లో చాలావాటిలో ఉండేది జిగట పెంచే మందు. ఆయిల్ చిక్కబడితే సందులోంచి తక్కువ పోద్ది, పొగ తగ్గుద్ది. అబద్ధం కాదు, నిజంగానే తగ్గుద్ది. కానీ అరిగిన ఇనుము తిరిగి పెరగలేదు గదా! ఆ జిగట కూడా బేరింగుల మధ్య నలిగి నలిగి కొన్నాళ్ళకి పల్చబడుద్ది. మళ్ళీ పొగ, మళ్ళీ డబ్బా. ఈలోపల అరుగుదల మాత్రం దాని పని అది చేసుకుంటా పోద్ది.

ఇంకో రకం ఉంది, ఇంజన్ లోపల కడిగేస్తామని చెప్పేది. పాత ఇంజన్లకి ఇది మరీ ప్రమాదం. ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడొచ్చి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే, ప్రెషర్ పడిపోయి బేరింగులు పట్టేస్తాయి. రింగుల ఖర్చుతో పోయేది క్రాంక్ దాకా వస్తది.

మంచి డీజిల్ ఇంజన్ ఆయిల్లో మడ్డి కట్టకుండా చేసే మందు, అరుగుదల తగ్గించే జింక్ మందు కంపెనీ వాళ్ళే లెక్క ప్రకారం కలిపి ఇస్తారు. దాని మీద మనం ఇంకోటి పోస్తే ఆ లెక్క చెడుద్ది. ఇది మన పల్లెల్లో మోసమే అనుకోబాకండి. అమెరికాలో స్లిక్ 50 అని పేరుమోసిన మందు ఒకటి ఉండేది. ఇంజన్ అరుగుదల తగ్గిస్తదని టీవీల్లో ఊదరగొట్టారు. అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ మాటలకి ఆధారం లేదని కేసు పెట్టింది. రుజువు లేకుండా అట్ట చెప్పుకోమని కంపెనీ 1997లో రాజీకి రావాల్సొచ్చింది. అంత చదువుకున్న దేశంలోనే అట్ట అమ్మారు.

ఇంతకీ మన ఇంజన్లు తొందరగా ఎందుకు అరగతా ఉండాయి? నన్నడిగితే ముప్పాతిక పాపం దుమ్ముది. మన ఎర్రనేలలో రోటావేటర్ వేస్తా ఉంటే, గాలి వెనకనుంచి తోలితే, బండి తన దుమ్ములోనే తను మునిగిపోద్ది. ఏర్ క్లీనర్ అడుగు గిన్నెలో ఆయిల్ మారిస్తే చాలనుకుంటాం. క్లీనర్ నుంచి ఇంజన్‌కి పోయే రబ్బరు గొట్టం ఎప్పుడన్నా చూశారా? అది చీలినా, క్లిప్పు వదులైనా, దుమ్ము క్లీనర్‌తో పని లేకుండా నేరుగా లోపలికి పోద్ది. బండి ఆపేసి, ఇంజన్ వైపు గొట్టం ఊడదీసి, లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకి ఎర్రమన్ను అంటిందంటే లైనర్‌ని ఆకురాయితో రుద్దతా ఉన్నట్టే. అప్పుడు వేలు పోసి కిట్టు వేయించినా మళ్ళీ అదే గతి. ముందు ఆ గొట్టం మార్చండి. డబ్బా కంటే చవక.

రెండోది, గేజిలో ఆయిల్ తగ్గకుండా పెరగతా ఉందా? సంతోషపడబాకండి. డీజిలో నీళ్ళో లోపల కలుస్తా ఉన్నట్టు. డీజిల్ కలిస్తే ఆయిల్ పల్చబడి వాసన కొడతది, నీళ్ళు కలిస్తే మజ్జిగ రంగుకి తిరగతది. ఇట్టాంటి బండికి చిక్కటి మందు పోశామంటే రోగం కనపడకుండా కప్పెట్టడమే. పొగ కూడా చూసుకోండి. నల్లపొగ వస్తే దాని సంగతి నాజిల్ దగ్గరో, పంపు దగ్గరో, ఏర్ క్లీనర్ దగ్గరో చూడాలి. దానికీ ఆయిల్ మందుకీ సంబంధమే లేదు.

మరి డబ్బులు లేవు, విత్తనం అదును దాటిపోతా ఉంది, ఇంజన్ ఇప్పితే పది రోజులు బండి ఉండదు, ఏం చెయ్యాలి అంటారా? న్యాయమైన మాటే. అప్పుడు కూడా డబ్బా బదులు, మెకానిక్‌ని అడిగి ఇంకొంచెం చిక్కటి గ్రేడు ఆయిలే పోయించుకోండి. మన ఎండలకి 20డబ్ల్యూ-50 పోస్తే అరిగిన బండి ఆ పది రోజులు లాగేస్తది. 50 గంటలకి ఎంత ఆయిల్ పైన పోశారో చిన్న పుస్తకంలో రాసుకోండి. ఆ అంకె నెలనెలా పెరగతా ఉంటే ఎండాకాలం చేలల్లో పని లేనప్పుడు ఇంజన్ ఇప్పించండి. అదునులో ఆగిపోతే మనకి బాడుగ బండి కూడా దొరకదు.

నాకు కోపమొచ్చేది మాత్రం ఇంకో దానికి. ఈ డబ్బాలు ఎక్కువగా పనికొచ్చేది బండి అమ్మేవాడికి. బేరానికి రెండు రోజుల ముందు పోస్తాడు, పొగ ఆగుద్ది, కొనే రైతు ముచ్చటపడి అప్పు చేసి తోలుకుపోతాడు. నెల తిరిగేసరికి నీలం మబ్బు. ఆ కొన్నోడు కూడా మనలాంటోడే గదన్నా! పొద్దున లేచి మొహాలు చూసుకోవద్దా?

పాత బండి కొనేవాళ్ళు పొద్దున్నే, చెప్పకుండా పోండి. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి పెట్టారంటే అనుమానించండి. గేజి తీసి చుక్క కారనీండి. డీజిల్ బండి ఆయిల్ నల్లగా ఉండడం తప్పు కాదు, కొత్తగా మెరుస్తా తేనెలా సాగతా ఉంటేనే అడగాల. స్టార్ట్ చేసి వేడెక్కినాక, మొహం దూరంగా పెట్టి, ఆయిల్ పోసే మూత వదులు చేయండి. భుస్సు భుస్సుమని పొగ తంతా ఉంటే రింగులు పోయినట్టే, ఎంత చిక్కటి మందు పోసినా అది దాగదు. ఆఖరున గొర్రు తగిలించి చేలో రెండు సాళ్ళు తోలనీమని అడగండి. కుదరదన్నాడంటే ఆ బేరం అక్కడే వదిలేసి బస్సెక్కి వచ్చేయండి.