తాళం కొన్నవాడికేనా?

మా బాబాయ్‌కి తెనాలిలో డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు. మూలన ఒక పాత కంప్యూటర్ ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. వెనక ప్యారలల్ పోర్ట్‌కి అగ్గిపెట్టెంత డాంగిల్ ఉంది. డబ్బులు పెట్టి కొన్న ఒక గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌కి అది తాళం. కొత్త కంప్యూటర్లకి ఆ పోర్టే రావట్లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ వెర్షన్‌కి సపోర్ట్ ఆపేశామన్నారు. అందుకే ఎండాకాలం ఆ డబ్బాకి ప్రత్యేకంగా ఒక టేబుల్ ఫ్యాన్! ఎదురు షాపాయన అదే సాఫ్ట్‌వేర్ క్రాక్ వెర్షన్ వాడతాడు. ఆయనకి ఏ బాధా లేదు.

ఎందుకిలా అన్నది నాకు అసెంబ్లీ ల్యాబ్‌లో అర్థమైంది. ప్రోగ్రామ్ డాంగిల్‌ని ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు సరిపోతే లోపలికి, లేకపోతే ఎర్రర్. మామూలు తాళాల్లో ఇదంతా చివరికి ఒక కండిషనల్ జంప్. ఇంటెల్ ప్రాసెసర్‌లో 74 అనే హెక్స్ బైట్‌ని ఈబీ చేస్తే ‘సరిపోతే దూకు’ కాస్తా ‘ఎలాగైనా దూకు’ అయిపోతుంది. గట్టి తాళాలూ ఉన్నాయి, కాదనను. కానీ ఒక్కడు విప్పితే చాలు, మిగతావాళ్లకి కాపీ. కొన్నవాడు మాత్రం రోజూ తాళం తీసుకోవాల్సిందే.

కంపెనీలకిది తెలుసు. ఆటోక్యాడ్‌కి పెట్టిన హార్డ్‌వేర్ లాక్‌ని, కొన్నవాళ్లు గొడవ చేస్తే, ఆటోడెస్క్ 1986లో అమెరికాలో తీసేసింది. బయటి దేశాలవాళ్లకి మాత్రం ఉంచింది! అడోబి 2003లో విండోస్ ఫోటోషాప్‌కి యాక్టివేషన్ తెచ్చింది. 2002 నాటి ఫోటోషాప్ 7 మన ఫ్లెక్సీ షాపుల్లో ఇంకా బతికుందంటే, దానికి ఆ గొడవ లేకపోవడమూ ఒక కారణమని నా అనుమానం. కానీ సీఎస్2 సర్వర్లు ఆపినప్పుడు, కొన్నవాళ్ల కోసం యాక్టివేషన్ అక్కర్లేని కాపీ పెట్టింది అదే అడోబి. నేను అడిగేదీ అంతే. సపోర్ట్ ఆపిన రోజే తాళం తీసేసిన కాపీ ఇవ్వాలి, అదీ దయతో కాదు, చట్టప్రకారం.

క్రాక్ తప్పు కాదని నేననట్లేదు. రెండేళ్లలో నేనూ కోడ్ రాసే జీతం తీసుకోవాలి. (మన పోయిన సంచిక కవర్ నేను క్రాక్ కాపీతోనే చేశాను, ఎడిటర్ గారు క్షమించాలి. ఇప్పుడు క్రిటాకి మారాను.) 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. సరే. తాళం వేసి, చెవి పట్టుకుని వెళ్లిపోయిన కంపెనీ గురించి ఆ సెక్షన్‌లో ఒక్క ముక్క లేదు.

పోయిన నెల ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ టకటకా చప్పుడు మొదలెట్టింది. పన్నెండేళ్ల డిజైన్లు అందులోనే, ఆ ఫార్మాట్‌లోనే ఉన్నాయి. “ఒరేయ్, కంప్యూటర్ సైన్సే కదా చదువుతున్నావు, ఆ తాళం నువ్వు తీయలేవా?” అన్నాడు బాబాయ్.

తీయగలనేమో. ఇంకా జవాబు చెప్పలేదు.